పన్నెండున్నర మీటర్ల నీడ

ఉదయం తొమ్మిదయ్యేసరికి భరణి షెడ్డు తలుపులు బార్లా తీసి, విమానాన్ని తోక దగ్గర పట్టుకుని మెల్లగా వాకిట్లోకి తోస్తుంది. తోసిన మరుక్షణమే పిట్టగోడ అవతల దాలమ్మ లేచి, గుమ్మడి వడియాలు పెట్టిన చాపను రెండు చేతులా పట్టుకుని నాలుగు బారల దూరం ఈడ్చుకుంటుంది. ఈడుస్తూ ఏదో ఒకటి అంటుంది. భరణి వినిపించుకోదు.

విమానం పొడవు రెండున్నర మీటర్లు. దాని నీడ పొడవు పన్నెండున్నర. పొద్దున పూట ఎండ తూర్పు నుంచి వస్తుంది కాబట్టి నీడ పడమటికి పడి, గోడ ఎక్కి దిగి, దాలమ్మ వాకిట్లో సగం ఆక్రమిస్తుంది. ఒక రెక్క తులసికోట మీదా, ముక్కు వంటింటి గుమ్మం మీదా పడతాయి. ఎండాకాలం ఆ వీధి ఆడవాళ్లు చింతపండు గింజ తీసుకోవడానికి భరణి వైపు వాకిట్లోకే వచ్చి, తోక నీడలో బారుగా కూర్చునేవాళ్లు. నీడ చల్లగా ఉంటుందని అందరికీ తెలుసు. గొడవల్లా ఎవరి వాకిట్లో ఎంత పడుతుందన్న దాని మీదే.

దాలమ్మ భరణికి వదిన. దాలమ్మ మొగుడు పోతురాజు భరణికి తోడబుట్టిన అన్న. ఆ అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుని ఆరేళ్లయింది.

నెల్లిమర్ల నుంచి రామతీర్థం పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ లేత్ షెడ్డు వాళ్ల నాన్న అప్పలస్వామిది. ఆయన జూట్ మిల్లులో టర్నరుగా పనిచేసి, తరవాత సొంతంగా లేత్ పెట్టుకున్నాడు. కొడుక్కి ఇనుమంటే చిరాకు, పొలం పనికి పోయాడు. కూతురికి పంతొమ్మిదో ఏట లేత్ అప్పజెప్పాడు. ఇప్పుడామెకు నలభై మూడు. మోటారు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, బుష్షులు, ఏది పట్టుకెళ్లినా కొలత తప్పకుండా తీస్తుందని శృంగవరపుకోట నుంచి కూడా వస్తారు. పెళ్లి సంబంధాలు వచ్చినన్నాళ్లూ వచ్చాయి. నాన్న ఉండగా ఆమె కాదంది, నాన్న పోయాక అడిగేవాళ్లు లేకపోయారు.

అప్పలస్వామి పోయిన పదకొండో రోజున పోతురాజు ఒక కాగితం తెచ్చి పెద్దల ముందు పెట్టాడు. ఎకరన్నర పొలం కొడుక్కి, షెడ్డు కూతురికి అని దాని మీద రాసి ఉంది. కింద వేలిముద్ర ఉంది. నాన్న సంతకం పెట్టగలడు కదా, వేలిముద్ర ఎందుకేశాడని భరణి అందరి ముందూ అడిగింది. ఆఖరి రోజుల్లో చెయ్యి వణికిందన్నాడు పోతురాజు. వణికిన చేతితోనే మొన్నటిదాకా మజ్జిగ గ్లాసు పట్టుకున్నాడు కదా అంది భరణి. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాట లేదు. విజయనగరం కోర్టులో కేసు ఉంది, వాయిదాలున్నాయి. ఇంటి దగ్గర చెప్పుకోవలసినవి ఏమన్నా ఉంటే దాలమ్మ ద్వారా పోతాయి. "మీ ఆయనకి సెప్పు" అని భరణి, "నీ ఆడపడుచుకి సెప్పు" అని పోతురాజు. ఇద్దరూ పిట్టగోడకి చెరో పక్కనా నిలబడి ఉన్నా దాలమ్మ మధ్యలో ఉండి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించాలి. ఆమెకు అలవాటైపోయింది. ఒక్కోసారి మధ్యలో కాస్త ఉప్పూ కారం తనవి కూడా కలుపుతుంది.

విమానం సంగతి నాలుగేళ్ల కిందటిది. విశాఖపట్నం పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరైన నరసింగరావు అనే పెద్దాయన ఒక మధ్యాహ్నం కారాపి, జానెడు పొడవున్న వంగిపోయిన అల్యూమినియం కాలు ఒకటి బల్ల మీద పెట్టాడు. లోపల స్ప్రింగూ నూనే ఉండే కాలు. ఇలాంటిదే కొత్తది తీసిపెట్టగలరా, ఊళ్లో ముగ్గురు చేయలేమన్నారు అన్నాడు. భరణి కొలతలు రాసుకుని సాయంత్రానికి తీసి ఇచ్చింది. ఇచ్చి, ఇది దేని కాలండీ అని అడిగింది. రిమోటుతో ఎగరేసే బొమ్మ విమానానిదని చెప్పి, ఆయన వచ్చే ఆదివారం వచ్చి చూడమన్నాడు.

ఆమె వెళ్లి చూసింది. బొమ్మ విమానమంటే పిల్లలాడుకునేదనుకుంది. దాని వెనక గొట్టంలోంచి వేడిగాలి వచ్చి పదడుగుల అవతల గడ్డి వాలిపోయింది. ముందు సన్నగా ఈల, తరవాత ఈల కాదు, కడుపులో పేగు పట్టి లాగుతున్నట్టు మోత. అది పరిగెత్తి, ముక్కెత్తి, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, మబ్బు అంచున తిరిగి మళ్లీ వాళ్ల వైపు వచ్చింది. తను తీసిన కాలు దాని పొట్టలో ఉంది. ఇంటికొచ్చిన రాత్రి ఆమె అన్నం తినలేదు.

మూడేళ్లు పట్టింది చేయడానికి. హాక్ అనే శిక్షణ విమానానికి సరిగ్గా అయిదో వంతు. ప్లాస్టరుతో అచ్చులు పోసి, ఫైబర్ గుడ్డ పొర మీద పొర వేసి ఒళ్లు తీసింది. రెక్కల్లో తేలిక చెక్క. అసలు విమానం మీద ఎన్ని రివిట్లున్నాయో ఫొటోల్లో లెక్కపెట్టి, సిరంజితో జిగురు బొట్లు ఒక్కొక్కటే పెట్టింది. కాళ్లు మూడూ తన లేత్ మీదే తీసింది. ఇంజను మాత్రం కొనక తప్పలేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా అంత ఉంటుంది, నిమిషానికి లక్షా ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. దాని డబ్బు కోసం ఆ ఏడాదంతా షెడ్డు రెండు షిఫ్టులు నడిచింది. ఎగరెయ్యడం నరసింగరావే నేర్పాడు, ముందు థర్మాకోల్ విమానంతో, తరవాత బ్యాటరీతో నడిచేదానితో.

రెక్కలు బిగించి, ముక్కులో సీసం ముక్కలు ఒక్కొక్కటీ వేస్తూ, రెండు వేళ్ల మీద నిలబెడితే అటూ ఇటూ వాలకుండా బరువు కుదిరిన రోజున నీడ వచ్చింది. అప్పటిదాకా దాని సైజు నీడే ఉండేది. నరసింగరావు టేపు తెప్పించి నీడను కొలిచాడు. పన్నెండు మీటర్ల నలభై మూడు సెంటీమీటర్లు. అసలు విమానం కొలత కాగితంలో చూసుకుని, స్కేలు ఎక్కడా తప్పలేదమ్మా అన్నాడు. భరణి తన జీవితంలో అంత సంతోషించిన రోజు మరొకటి లేదు.

పోతురాజు ఆ సాయంత్రమే దాలమ్మ చేత కబురంపాడు. ఆ నీడ మన వాకిట్లోకి రాకూడదని సెప్పు అని.

ఈ విషయంలో భరణి మంచిదేమీ కాదు. వాకిలి తూర్పు చివర పెట్టుకుంటే నీడ ఆమె వాకిట్లోనే సరిపోయేది. ఆమె కావాలనే గోడ పక్కన పెట్టేది. వడియాలు ఎండే టైమే చూసి పెట్టేది. వదిన మీద ఆమెకు కోపం లేదు. కానీ వదిన వడియాలు అన్న తింటాడు.

పోతురాజూ తక్కువ తినలేదు. ఆమె విమానానికి బూడిదరంగు పెయింటు కొట్టిన పూట చూసి, గోడ అవతల జల్లెడేసి ఉలవలు తూర్పారబట్టించాడు. గాలి తూర్పుకి తిరిగే టైము కూడా ఆయనకు తెలుసు. పొట్టంతా వచ్చి తడి పెయింటు మీద అంటుకుంది. భరణి వారం రోజులు నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో అరగదీసి, మళ్లీ రంగేసి, విమానాన్ని గోడకు ఇంకో రెండడుగులు దగ్గరగా జరిపింది.

తరవాత ఆయన పోలీసులకు కంప్లయింటిచ్చాడు. వచ్చిన ఎస్సై మోత గురించి అడిగాడు, కాగితాలడిగాడు. నరసింగరావు ముందే అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. నీడ గురించి పోతురాజు చెప్పబోతే, నీడ మా పరిధి కాదు, రెవెన్యూ వాళ్లను కలవండి అని ఎస్సై బండెక్కాడు.

ఎగరెయ్యడానికి జాగా వాళ్ల పొలం పక్కనే దొరికింది. ఎయిర్‌పోర్టు వస్తుందని, ఎవరో బయటివాళ్లు అక్కడ పొలాలు కొని వెంచరు వేశారు. గేటు కట్టారు, ప్లాట్ల రాళ్లు పాతారు, నడుమ మూడొందల మీటర్ల సిమెంటు రోడ్డు పోశారు. ప్లాట్లు అమ్ముడుపోలేదు. రోడ్డు మీద చుట్టుపక్కల రైతులు మొక్కజొన్న ఎండబెట్టుకుంటారు. భరణికి కావలసింది కూడా ఆ రోడ్డే. ఒక్క గింజ ఇంజను నోట్లోకి పోయినా లోపలి రెక్కలు నుగ్గునుగ్గయిపోతాయి.

ఇప్పుడు వెంచరు వాళ్లు పోతురాజు పొలాన్ని కూడా అడుగుతున్నారు. ఆ ఎకరన్నర కలిస్తే వాళ్ల లేఅవుటు రోడ్డుకి తిన్నగా కలుస్తుందట. పోతురాజు మాటిచ్చాడు. కోర్టులో కేసున్న భూమి ఎలా అమ్ముతావని భరణి దాలమ్మ ద్వారా అడిగింది. కేసు తేలేసరికి నీ ఆడపడుచు ముసిల్దయిపోద్దని సెప్పు అన్నాడాయన. ఆ మాటను దాలమ్మ ఉప్పూ కారం కలపకుండానే అందించింది.

రోడ్డు తగువు సర్పంచి చినబాబు తీర్చాడు. వారమంతా రోడ్డు రైతులది, ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది వరకూ భరణిది. ఆ గంటసేపు ఎవరూ గింజ పొయ్యకూడదు. అందరూ సరేనన్నారు. పోతురాజు తలాడించలేదు, కాదనీ అనలేదు.

మే నెలలో మూడో ఆదివారం. భరణి తెల్లారి అయిదింటికే వెళ్లి, చివర నుంచి చివరకు రోడ్డంతా రెండుసార్లు ఊడ్చింది. నరసింగరావు వచ్చేసరికి ఎనిమిది. ట్యాంకులో డీజిలూ నూనే కలిపి పోశారు. ఇంజను ఈలేసింది, వెనక గాలి నీళ్లలా వణికింది. విమానం రోడ్డు సగం దాటకుండానే లేచింది, కాళ్లు ముడుచుకుంది. దాని నీడ మాత్రం పన్నెండున్నర మీటర్ల పొడవున పొలాల మీద పరిగెత్తింది. మేకలు చెదిరాయి. చెరకు తోటలో ఎవరో తలగుడ్డ సర్దుకుని పైకి చూశారు.

ట్యాంకు ఎనిమిది నిమిషాలకు సరిపోతుంది. రెండో నిమిషంలో ట్రాక్టరు చప్పుడు వినబడింది.

భరణి పైనుంచి కళ్లు తిప్పకూడదు. తిప్పితే విమానం పోతుంది. అందుకని ఆమె చూడలేదు, నరసింగరావు చూసి చెప్పాడు. పోతురాజు ట్రాక్టరు గేటు దాటింది. తొట్టి లేచింది. రోడ్డు మధ్య నుంచి అటు చివరి వరకూ మొక్కజొన్న గింజలు పోసుకుంటూ పోతున్నాడు. నరసింగరావు పరిగెత్తి వెళ్లి అడ్డం నిలబడ్డాడు. డెబ్భై ఏళ్లాయన, చేతులు జోడించాడు కూడా. పోతురాజు ట్రాక్టరు దిగి, గింజల మధ్య రోడ్డుకి అడ్డంగా నిలబడి, చేతులు కట్టుకున్నాడు. నా రోడ్డు కాదు, దాని రోడ్డూ కాదు, ఇక్కడ నా గింజలున్నాయి అన్నాడు. దాలమ్మ ట్రాక్టరు పక్కనే ఉంది. ఒక్కసారి వంగి రెండు చేతులతో గింజలు పక్కకు తొయ్యబోయింది. పోతురాజు చూసేసరికి లేచి నిలబడింది.

మిగిలిన సగం రోడ్డు చాలదు. దిగాక ఆగడానికి రెండొందల మీటర్లయినా కావాలి. నాలుగు నిమిషాలే ఉందని నరసింగరావు దూరం నుంచే కేకేశాడు.

భరణి విమానాన్ని రోడ్డు చివరికి తీసుకెళ్లి తిప్పి, రోడ్డు మీదుగా కిందికి తెచ్చింది. చూసేవాళ్లు దించేస్తుందేమో అనుకున్నారు. ఆమె కాళ్లు దించలేదు, వేగం తగ్గించలేదు. పద్నాలుగు కిలోల బరువు గంటకు రెండొందల కిలోమీటర్ల మీద వస్తోంది. దాని ముక్కుకు తిన్నగా, ఎదురుగా, చేతులు కట్టుకుని అన్న నిలబడి ఉన్నాడు. ఆమె ఏమీ చెయ్యనక్కర్లేదు. రిమోటు మీద వేళ్లు అలాగే ఉంచితే చాలు. పదకొండో రోజు కాగితం, ఉలవల పొట్టు, ముసిల్దయిపోద్ది అన్న మాట, అన్నీ ఆమె బొటనవేళ్ల మీదికొచ్చి కూర్చున్నాయి. తరవాత తనే నరసింగరావుతో చెప్పింది, అప్పుడు నాకు భయం కూడా వెయ్యలేదండీ, లేత్ మీద కొలత సరిపోయినప్పుడు ఉండేలాగ ఉన్నాది అని.

"భరణీ" అన్నాడు నరసింగరావు. అప్పటికి ఆయన ఆమె పక్కకు వచ్చేశాడు. గొంతు పెంచలేదు. "పైకి."

ఆమె బొటనవేలు వెనక్కి లాగింది. నీడ ముందు పోతురాజు మీదుగా పోయింది, తరవాత మోత పోయింది. భుజం మీది తువ్వాలు ఎగిరి గింజల మీద పడింది. ఆయన కదల్లేదు. కదల్లేక కదల్లేదో, కదలకూడదని కదల్లేదో దాలమ్మకు కూడా తెలియదు.

ఇంక మిగిలింది పొలం. వాళ్ల నాన్న పొలం. మొక్కజొన్న కోసేశాక మోళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి, ఒక్కొక్కటీ ఉలిలా. భరణి ఇంజను ఆపేసింది. ఆపితే ఎంత నిశ్శబ్దమైపోయిందంటే అవతల గట్టు మీద ఎవరో దగ్గడం వినబడింది. కాళ్లు ముడిచే ఉంచి, పొట్ట మీద, ముక్కు కాస్త ఎత్తి, మెల్లగా దించింది. నరసింగరావు ఇన్నేళ్లలో అంత మెత్తగా దించడం చూడలేదన్నాడు. అయినా మోళ్లు పొట్టను చీల్చేశాయి. ట్యాంకు పగిలి వేడి ఇంజను మీద డీజిలు పడింది. వాళ్లు మంటలార్పే సీజుఫైరు డబ్బా పట్టుకుని పరిగెత్తి వెళ్లేసరికి ఫైబరు అంటుకుని నల్లగా పొగ లేస్తోంది. దాలమ్మ బోరు దగ్గర్నుంచి బిందెతో నీళ్లు తెచ్చింది. పావుగంటలో మంట ఆరింది. మూడేళ్లలో చేసిన దానిలో మిగిలింది ఇంజను ముద్దా, ముక్కులోని సీసం ముక్కలూ, మూడు కాళ్లూ.

వాటిని గోనెసంచిలో వేసుకుని కారులో పెట్టుకుని ఇంటికొచ్చారు. వాకిట్లో సంచి దించితే, సంచి నీడ సంచి అంతే పడింది.

పెద్ద నీడ పొలంలోనే ఉండిపోయింది. దిగిన చోట దిగినట్టే, ముక్కు ఈశాన్యానికి పెట్టి, రెండు రెక్కలూ చాపుకుని పడుకుని ఉంది. పొద్దు పైకెక్కినా, పడమటికి వాలినా అది కదల్లేదు. సోమవారం నాడు పక్క పొలం కూలీలు అందులో కూర్చుని అన్నాలు తిన్నారు. పోతురాజు వచ్చి వాళ్లను లేపేశాడు. చెల్లెలి విమానం కాలిపోయిందన్న సంతోషం ఆయనకు ఒక్క రోజే నిలిచింది.

బుధవారం నాడు గ్రామ సర్వేయరు ఉష వచ్చింది. ఆ ఊళ్లో రీసర్వే జరుగుతోంది. ఏ ముక్క ఎవరి అనుభవంలో ఉందో కొలిచి, కొత్త నంబరిచ్చి, మ్యాపు గీసుకుపోవాలి. మనిషంత పొడుగున్న కడ్డీకి పైన పుట్టగొడుగులాంటి యంత్రం బిగించి ఉంటుంది, దాన్ని ఎక్కడ నిలబెడితే అక్కడి గుర్తు పడుతుంది. సర్పంచి చినబాబు వచ్చాడు. భరణిని కూడా పిలిచారు, కేసున్న భూమి కాబట్టి. ఆమె గట్టు మీద నిలబడింది.

ఉష పొలం నాలుగు మూలలూ కొలిచి, నడుమకు వచ్చి ఆగింది.

"ఈ నీడ మీదేనాండీ?" అని పోతురాజును అడిగింది.

"నాదేటి? ఆ ఇమానం దాన్ది, నీడా దాన్దే. నా పొలంలో పడేసి పోయినాది. తీయించండి."

తీయించడం తమ పని కాదనీ, ఎవరిదో రాసుకోవడమే తమ పననీ ఉష చెప్పింది. పోతురాజు అలాగైతే రాసుకోమన్నాడు. ఆయన లెక్క ఆయనకుంది. నీడ చెల్లెలిదే అని సర్కారు కాగితం మీదికెక్కితే, దాని కింద పంట పండనందుకు ఏటేటా ఆమె చేత నష్టం కట్టించవచ్చు. ఆ మాట పైకే అన్నాడు కూడా.

ఉష తన ట్యాబులో గడులన్నీ జరిపి చూసుకుంది.

"నీడ ఒకరి పేరునా, దాని కింద నేల ఇంకొకరి పేరునా రాయడానికి ఇందులో గడి లేదండీ. ఒక ముక్కకి ఒక్క పేరే."

చినబాబుకు సంగతి ఎక్కడికి పోతోందో అర్థమైంది. ఆయన పోతురాజు మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒరే, తొందరపడకు. ఆలోసించుకుని సెప్పు."

"ఆలోసించేదేటుంది మావా?" అన్నాడు పోతురాజు. చెల్లెలి వైపు చూడకుండా, ఆమెకు వినబడేలా అన్నాడు. "ఆరేళ్లుగా దానిదేదీ నాకు అక్కర్లేదంటన్నాను. అది నాది కాదు. రాసుకోండమ్మా, నాను సంతకం ఎడతాను."

దాలమ్మ ఆరేళ్లుగా వాళ్ల మధ్య అన్ని మాటలూ మోసిన మనిషి, ఆ ఒక్క మాటా ఎటూ మొయ్యలేదు. ఉష కడ్డీ పట్టుకుని నీడ చుట్టూ తిరిగింది. ముక్కు కొనన, రెక్క మొదట, రెక్క చివర, తోక దగ్గర, మొత్తం ఇరవై మూడు చోట్ల నిలబెట్టింది. ఒక సెంటు వచ్చింది. కాస్త అటూ ఇటూగా, నలభై చదరపు మీటర్లు. పోతురాజు ట్యాబు మీద వేలితో సంతకం పెట్టాడు. తరవాత గట్టు మీదకు ట్యాబు తెచ్చి ఉష భరణిని కూడా పెట్టమంది. ఆమె పూర్తి పేరు రాసి పెట్టింది.

నెలన్నర తరవాత కొత్త మ్యాపు వచ్చింది. పోతురాజు ఎకరన్నర నడుమ, విమానం ఆకారంలో, వేరే నంబరుతో ఒక ముక్క ఉంది. దానికి గట్టు నుంచి మీటరు వెడల్పున దారి కూడా చూపించారు, దారి లేకుండా ముక్క ఇవ్వకూడదు కాబట్టి. సర్వే వాళ్లు వచ్చి రాళ్లు పాతారు. రెక్క చివరల్లో చెరో రాయి, తోక దగ్గర మూడు.

వెంచరు వాళ్లు మ్యాపు చూసి తప్పుకున్నారు. నడుమన ఇంకొకరి సెంటు ఉన్న భూమిని లేఅవుటు చెయ్యలేమన్నారు. పోతురాజు సర్వే ఆఫీసుకు తిరిగాడు, అర్జీలు పెట్టాడు. మీ సంతకమే ఉంది కదండీ అన్నారు అక్కడ. చినబాబును కలిస్తే, నాను సెప్పలేదేట్రా అన్నాడు. ఆ ఏడు వర్షాలకు మళ్లీ పొలం దున్నక తప్పలేదు. రాళ్లకు తగలకుండా నాగలి తిప్పుకుంటూ, రెక్కల చుట్టూ, తోక చుట్టూ దున్నాడు. దున్నిన ప్రతిసారీ దారిని ఒక జానెడు కలిపేసుకునేవాడు. భరణి వచ్చి, టేపుతో కొలిచి, మళ్లీ గుర్తులు పెట్టుకుని వెళ్లేది.

ఆ ముక్క తన అనుభవంలో ఉన్నట్టు చూపించుకోవాలని లాయరు చెప్పాడు. అందుకని ఆమె రోజూ మధ్యాహ్నం లేత్ ఆపి, క్యారేజీ పట్టుకుని తన సెంటులోకి వెళ్లి అన్నం తినేది. షెడ్డులో కొత్త అచ్చులు పోసి ఉన్నాయి, కానీ ఆమెకు తొందర లేదు. తోక దగ్గర కూర్చుంటే కిందనుంచి చల్లగా ఉండేది. తన పేరున్న నేల మీద కూర్చోవడం నలభై నాలుగో ఏట అలవాటు చేసుకుంటోంది.

మరుసటి ఏడు మొక్కజొన్న కోతలప్పుడు ఎండలు నిరుటికన్నా ముదిరాయి. కూలీలు పన్నెండు దాటితే పని చెయ్యలేమన్నారు. కోత సగంలో ఉంది. ఆ మధ్యాహ్నం వాళ్లు కత్తులు పడేసి నీడలోకి వచ్చారు. వస్తూ, కూకోమంటావా అమ్మా అని భరణిని అడిగారు. ఆమె తలాడించింది. దాలమ్మ కూడా వచ్చి ఎడమ రెక్కలో కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

పోతురాజు ఒక్కడే ఎండలో ఉన్నాడు. తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని కోస్తూ పోయాడు. కాసేపటికి కొడవలి ఆగింది. ఆయన రెండడుగులు వేసి, నిలబడి, మళ్లీ రెండడుగులు వేసి, కుడి రెక్క చివర రాయి దగ్గరకు వచ్చి ఆగాడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. కాలి వేళ్లు నీడ అంచుకి అవతలే ఉన్నాయి.

భరణి అన్నం కలుపుకుంటోంది. తలెత్తలేదు.

ఆయన దాలమ్మ వైపు తిరిగాడు.

"ఆవిడ జాగాలో కూకోవచ్చో లేదో కనుక్కో" అన్నాడు.

దాలమ్మ ఆడపడుచు వైపు తిరిగి, ఉన్నదున్నట్టు అందించింది. "కూకోవచ్చా అని అడుగుతన్నాడు."

"ఎవరి జాగాలో అన్నాడు?" అంది భరణి.

దాలమ్మ మొగుడి వంక చూసింది. ఆయన కాదనలేదు. కూలీలు నమలడం ఆపారు.

"నీ జాగాలో అన్నాడు" అంది దాలమ్మ.

భరణి ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టింది.

"కూకోమను" అంది.

పోతురాజు రెక్క చివర, ఒక్క మనిషికి సరిపోయేంత చోట, వీపు ఆమె వైపు పెట్టి కూర్చున్నాడు. భరణి చెంబులో మిగిలిన నీళ్లు దాలమ్మ వైపు జరిపింది. దాలమ్మ లేచి వాటిని పట్టుకెళ్లి ఆయనకిచ్చింది. ఆయన చెంబు ఖాళీ అయ్యేదాకా దించలేదు.